రాజేశం జల్లెడ ఎందుకు తీసేశాడు

మైకు చచ్చిపోయిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలావరకు బతికున్న మైకులే. కోరుట్లలో బస్టాండు రోడ్డు మీద నా దుకాణం ఉండేది. మొదట రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేశాను. తర్వాత పెళ్లిళ్లకు మైకుసెట్లు కట్టాను. వెనక గదిలో క్యాసెట్ల మీద పాటలు రికార్డు చేశాను. చివరి ఆరేడేళ్లు మాత్రం ఇళ్లల్లో రికార్డింగ్ పెట్టుకునేవాళ్లకు సామాను ఎంచి, తీగలు కలిపి ఇవ్వడమే నా పని. ఇప్పుడు ఊరికో పాటల ఛానల్ ఉంది కదా, ఆ పనికి కొదవ లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగేది ఒకటే, ఏ మైకు కొనాలి సార్ అని. దానికి జవాబు చెబుతాను. కానీ మైకు కంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉందని నాకు తెలిసేసరికి దుకాణం మూసేసే రోజులొచ్చాయి. అది తెలిసిన రోజు తగిలిన దెబ్బ నుంచి నేను ఇంకా తేరుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఒకసారికి ఒక్కటే

నాకు పని నేర్పింది జగిత్యాలలో ఖాదర్ ఉస్తాద్. మాట కటువు, చెయ్యి మెత్తన. ఆయన పద్ధతి ఒక్కటే. శబ్దంలో తేడా వస్తే ఒకసారికి ఒక్క వస్తువే మార్చాలి. తీగ మార్చి వినాలి. తగ్గలేదా, పాత తీగే పెట్టి మైకు మార్చి వినాలి. తొందరపడి రెండూ ఒకేసారి మార్చినవాడికి ఆ పూట చాయ్ ఉండేది కాదు. నేను చాలా చాయ్‌లు పోగొట్టుకున్నాను.

ఆ పద్ధతి తెలిసి కూడా తప్పులు చేశాను. మల్యాల నుంచి ఒకాయన దుబాయ్‌లో కొన్న కండెన్సర్ మైకు తెచ్చాడు. నా పాత మిక్సర్‌కు తగిలించాను. కుయ్యి లేదు, కయ్యి లేదు. పోయింది, పారెయ్ అన్నాను. ఆ రకం మైకుకు తీగలోంచే నలభై ఎనిమిది వోల్టుల కరెంటు పంపాలి. మైకును కంప్యూటర్‌కు కలిపే ఇప్పటి ఇంటర్‌ఫేస్ డబ్బాల మీద దానికి ఒక గుండీ ఉంటుంది, అది నొక్కితేనే మైకు నోరు విప్పుతుంది. నా మిక్సర్‌కు ఆ గుండీయే లేదు. ఆ సంగతి నాకు తెలిసేలోపు ఆయన మైకును పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేశాడట. మీరు మాత్రం గుండీ చూడకుండా ఏ మైకునూ చచ్చిపోయిందనకండి.

సిరిసిల్ల నుంచి వచ్చిన మనిషి

రాజేశం నా దుకాణానికి వచ్చిన రోజు అతని చొక్కా మీద, కనుబొమ్మల మీద కూడా దూది నూగు ఉంది. యాభై ఏళ్లుంటాయి. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఇరవై ఆరేళ్లుగా సాంచాలు నడుపుతున్నానని చెప్పాడు. గట్టిగా మాట్లాడతాడు. మనం మాట్లాడుతుంటే మొహంలోకే చూస్తాడు, కన్ను పక్కకు తిప్పడు. ఎంత శ్రద్ధ ఈ మనిషికి అని ముచ్చటపడ్డాను.

"నా బిడ్డ పాడుతది సార్. గొంతు మంచిగుంటది. ఇంట్ల రికార్డింగ్ పెట్టుకుంటం. ఏమేం గావాల్నో రాసియ్యుండ్రి" అన్నాడు.

అతని కూతురు లావణ్య డిగ్రీ చదువుతోంది. ఫోన్‌లో పాడి పెట్టిన పాట ఒకటి విని, కరీంనగర్‌లో ఒక పాటల ఛానల్ వాళ్లు పిలిచారట. ఆరు పాటలకు కొత్త గొంతు కావాలి, ఇంట్లోనే శుభ్రంగా రికార్డు చేసి ఒక పాట పంపు, నచ్చితే ఆరూ నీవే అన్నారట. పాడేది కూతురు, హెడ్‌ఫోన్ పెట్టుకుని మిక్సింగ్ చేసేది తండ్రి. వీడియోలు చూసి అంతా నేర్చుకున్నాడు. ఆ ఇంట్లో అప్పుడు ఆ ఒక్క పాట తప్ప వేరే ముచ్చట లేదు.

నేను రాసిచ్చిన చిట్టీ చిన్నదే. ఒక మైకు, ఒక ఇంటర్‌ఫేస్, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, ఒక స్టాండు, మైకు ముందు పెట్టే గుండ్రటి జాలీ. ప, బ, భ అన్నప్పుడు నోట్లోంచి వచ్చే గాలి మైకుకు కొట్టకుండా ఆ జాలీ ఆపుతుంది. దాన్ని మా దగ్గర అందరూ జల్లెడ అనే అంటారు.

కలపడం కూడా కష్టమేం కాదు. మైకు నుంచి మూడు పిన్నుల తీగ ఇంటర్‌ఫేస్‌లోకి పోవాలి. ఇంటర్‌ఫేస్ నుంచి యూఎస్‌బీ తీగ ల్యాప్‌టాప్‌లోకి పోవాలి. హెడ్‌ఫోన్ మాత్రం ఇంటర్‌ఫేస్‌కే పెట్టాలి. ల్యాప్‌టాప్‌కు పెడితే పాడేవాళ్లకు తమ గొంతు ఒక క్షణం వెనకబడి వినిపించి తాళం తప్పుతుంది. గొంతు బాగా ఎత్తి పాడించి, ఇంటర్‌ఫేస్ మీద ఎర్ర లైటు వెలగకుండా, శబ్దాన్ని పెంచే గెయిన్ గుండీని తగ్గించుకోవాలి. ఒకసారి ఎర్రబడి పగిలిన గొంతును ఎవరూ అతికించలేరు.

ఇంత తెలిసినవాణ్ణి, మైకు దగ్గరే తప్పు చేశాను. ఇల్లు చూడకుండా కండెన్సర్ మైకు ఇచ్చాను. తీగలు కలుపుదామని సిరిసిల్ల పోయి చూస్తే గోడకవతలే సాంచాల కార్ఖానా. హెడ్‌ఫోన్ పెట్టుకోగానే సాంచా నా తలలోనే నడుస్తున్నట్టు అయింది. కండెన్సర్ పక్కింటి ముచ్చట్లు కూడా లాగుతుంది, అది నిశ్శబ్దంగా ఉండే గదికి. చప్పుడుండే ఇంటికి డైనమిక్ మైకే ఇవ్వాలి. దాన్ని నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుంటే చుట్టూ ఏమవుతున్నా పెద్దగా పట్టించుకోదు. సిగ్గుపడి మైకు మార్చి ఇచ్చాను. గోడకు స్పాంజీలు కొనొద్దన్నాను. ఆ ఇంట్లో గుడ్డ తానులకు కొదవా? మూడు వైపులా తానులు పేర్పిస్తే గది ప్రతిధ్వని లేకుండా మెత్తబడింది. ఇక పాట అదిరిపోతుందనుకున్నాను.

తిరిగొచ్చిన పాట

పదిహేను రోజులకు రాజేశం వీడియో కాల్ చేశాడు. ఎప్పుడూ అలాగే చేసేవాడు. మామూలు కాల్ చేస్తే ఏం పోయింది, ముసలాడి మొహం చూడటం దేనికని నేను విసుక్కునేవాణ్ణి. గొంతు కీచుమంటోందని ఛానల్ వాళ్లు పాట తిప్పిపంపారట.

పాట నాకు పంపించి వినమన్నాడు. విని అదిరిపడ్డాను. రేకు మీద మేకుతో గీస్తున్నట్టుంది. సన్నని శబ్దాలను ఎత్తే ట్రెబుల్ ఆ కొసకంటా పెంచి ఉంది. పైగా పదిమాటలకోసారి ధబ్ ధబ్ మని గాలి కొడుతోంది. జల్లెడ పెట్టలేదా అంటే, దానివల్ల మాట తెలుస్తలేదు సార్, తీసేసినం అన్నాడు. గుడ్డ జాలీ మాటనెలా మింగుతుందయ్యా అని తిట్టాను. మైకే మొద్దుగా ఉందేమో అన్నాడు. ఉస్తాద్ పద్ధతిలో ఒకసారికి ఒకటి చొప్పున మైకు మార్చాను, తీగ మార్చాను, హెడ్‌ఫోన్ మార్చాను, చివరికి ఇంటర్‌ఫేస్ కూడా నాదే తెచ్చిపెట్టాను. అన్నింటికీ మొద్దుగానే ఉందన్నాడు. ఇతనికి సౌండ్ అంటే ఏమిటో తెలియదని తేల్చేశాను. మళ్లీ పాడించి, ఈసారి మిక్సింగ్ నేనే చేశాను. ఇన్నేళ్ల అనుభవం కదా, గొంతుకు పైన కాస్త మెరుపు ఉండాలని పై స్థాయిని కొంచెం ఎత్తాను. నాకు చాలా బాగుంది.

అదీ తిరిగొచ్చింది. స, శ వచ్చినచోటల్లా చెవిలో సూది గుచ్చినట్టుందని రాశారు. నిన్నమొన్నటి పిల్లలు నాకు సౌండ్ నేర్పుతారా అని మండిపడ్డాను. అనరాని మాటలు అన్నాను కూడా.

ఆ మరునాడే రాజేశం నుంచి మళ్లీ వీడియో కాల్. ఛానల్ వాళ్లు ఇంకొక్క పాట చూస్తామన్నారట, కానీ కూతురు మైకును డబ్బాలో సర్దేసిందట.

"రెండుసార్లు గట్లనే అన్నరంటే నా గొంతే మంచిగ లేదు, ఇగ పాడ అంటున్నది సార్. మీరచ్చి జెర చెప్పుండ్రి."

దస్తీ

పోయాను. లావణ్య వద్దంటూనే మైకు బయటికి తీసింది. పరీక్షకు ఒక్క చరణం పాడు బిడ్డా అని, జల్లెడ నేనే బిగించాను. ఆమె రెండు మాటలు పాడిందో లేదో, రాజేశం హెడ్‌ఫోన్ తీయకుండానే చెయ్యి చాచి జల్లెడను పక్కకు జరిపాడు.

నాకు కోపం నషాళానికి ఎక్కింది. ఎండ, గదిలో గాలి లేదు, మొహమంతా చెమట. జేబులోంచి దస్తీ తీసి మొహం తుడుచుకుంటూ, దాన్నెందుకు ముట్టుకున్నావని అరిచాను. అప్పటికి అతను హెడ్‌ఫోన్ తీసేశాడు. నా ఎదురుగానే ఉన్నాడు. నన్నే చూస్తూ నిలబడ్డాడు. దస్తీ దించాను.

"ఏమన్నరు సార్?" అన్నాడు.

ఎందుకో నాకు ఒక అనుమానం వచ్చింది. దస్తీని మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుని, నీ బిడ్డ ఏం చదువుతోంది రాజేశం అని మెల్లగా అడిగాను. నన్ను చూసి నవ్వాడు, అంతే. జవాబు లేదు. దస్తీ తీసి అదే మాట అంతే మెల్లగా అడిగాను. డిగ్రీ రెండో సంవత్సరమని టక్కున చెప్పాడు.

అతను వింటున్నది చెవులతో కాదని అప్పుడు అర్థమైంది. లావణ్య మాత్రం ఇందులో వింతేముందన్నట్టు చూసింది.

"బాపు మూతి జూసి ఇంటడు సార్. సాంచాల కాడ అందరు గంతే. గా సప్పుట్ల మాట యాడ ఇనవడ్తది?"

అది జబ్బని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. పనితోపాటు వచ్చే నేర్పనుకున్నారు. కార్ఖానాలో అవతలి కొసన ఉన్న మనిషి పెదాలు కదిలితే ఇవతలి కొసన జవాబిస్తారు, అది వాళ్లకు గొప్ప. జల్లెడ కూతురి మూతికి అడ్డం వస్తోంది కాబట్టే రాజేశం దాన్ని తీసేశాడు. వీడియో కాల్ కూడా అందుకే. నా మొహంలోకి అంత శ్రద్ధగా చూసిందీ అందుకే. నేను అన్నీ మార్చాను, వినే మనిషి చెవుల సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు.

అప్పుడే ఇంకొకటి గుర్తొచ్చింది. పని నేర్చుకునే రోజుల్లో మైకుసెట్లు తీసుకుని సిరిసిల్ల పెళ్లికి బయల్దేరుతుంటే ఉస్తాద్ ఒక నవ్వు నవ్వి, "సిరిసిల్లకా? ట్రెబుల్ గుండీ మొత్తం తిప్పి పెట్టుండ్రి, గాళ్లకు గట్లనే గావాలె" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. నిజంగానే అక్కడివాళ్లు ఇంకా పెంచు, ఇంకా పెంచు అనేవాళ్లు. ఊరు ఊరంతా అలా ఎందుకు అడుగుతోందని మాలో ఒక్కడూ ఆలోచించలేదు. సాంచాల చప్పుడు ముందు సన్నని శబ్దాల వినికిడినే తినేస్తుంది, మేమేమో వాళ్లకు టేస్టు లేదనుకున్నాం. ఇన్నేళ్లు చెవులతో బతికినవాణ్ణి, పక్కవాడి చెవి గురించి ఒక్కసారి అడగని నన్ను ఏమనాలి?

చేతులెత్తిన ముగ్గురం

నా ల్యాప్‌టాప్‌లో సన్నని కూత పుట్టించే సాఫ్ట్‌వేర్ ఉంది. కింద మంద్రంలో మొదలై పైకి పైకి పోతుంది, ఎంత పైకి పోతే తెర మీద హెర్ట్జ్‌ల అంకె అంత పెరుగుతుంది. స్పీకర్ పెట్టి, వినిపిస్తున్నంతసేపు చెయ్యి ఎత్తి ఉంచుదాం, ఆగిపోగానే దించుదాం అన్నాను. ముగ్గురం చేతులెత్తాం. రాజేశం బడిపిల్లాడిలా నవ్వుతున్నాడు.

కూత మూడు వేలు దాటింది. నాలుగు వేల దగ్గర రాజేశం చెయ్యి దించేశాడు. అయిపోయింది కదా అన్నట్టు చూశాడు. మా ఇద్దరి చేతులు ఇంకా పైనే ఉండటం చూసి అతని నవ్వు మెల్లగా పోయింది. ఆ మొహం చూడలేక నేను తెర వైపు తిరిగాను.

ఎనిమిది వేల దగ్గర కూత ఆగిపోయింది. స్పీకర్ తీగ ఊడిందేమోనని చూశాను. ఊడలేదు. తెర మీద అంకె పెరుగుతూనే ఉంది. తొమ్మిది, పది, పన్నెండు. ఆగిపోయిందా బిడ్డా అని అడిగాను. లావణ్య చెయ్యి ఇంకా పైనే ఉంది.

"లేదు సార్, అస్తున్నది కదా" అంది.

నా చెయ్యి ఎప్పుడు కిందికి వచ్చిందో నాకు తెలియదు. జీవితమంతా పెళ్లి మైకుల హారన్ స్పీకర్ల పక్కన నిలబడ్డాను, వయసూ మీద పడింది. అయినా నా చెవి పోతుందని కల్లో కూడా అనుకోలేదు. ఎనిమిది వేలకు పైన నేను ఎత్తిన మెరుపు ఎంత ఎత్తానో నాకే వినిపించలేదు. ఛానల్ పిల్లలకు అది సూదిలా గుచ్చింది. వాళ్లన్నది అక్షరాలా నిజం. ఇన్నేళ్లలో నేను మిక్స్ చేసి ఇచ్చిన పాటలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

పదహారు వేలు దాటాక లావణ్య చెయ్యి దించింది. తర్వాత ఆమె నేలవైపు చూస్తూ, రెండు పాటలూ తనకు చెవిలో గుచ్చుతూనే ఉన్నాయని చెప్పింది. బాపు బాగుందన్నాడు, ఇంత అనుభవమున్న సార్ కూడా బాగుందన్నాడు, కాబట్టి లోపం తన గొంతులోనే ఉందనుకుందట. ఆ మాటకు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బంగారంలాంటి గొంతును ఇద్దరం చెవిటివాళ్లం కలిసి మూయించబోయాం.

ఆమె తలొంచుకుని మాట్లాడింది కాబట్టి రాజేశానికి సగమే అందింది. మిగతాది నేను చెబుతుంటే నా మూతి చూసి తెలుసుకున్నాడు.

"అంటే నా బిడ్డ గొంతు నేనిన్నేండ్లు సగమే ఇన్ననా సార్?"

నా జవాబు కోసం ఆగకుండా హెడ్‌ఫోన్ తీసుకుపోయి కూతురి తలకు పెట్టాడు.

ఈసారి జల్లెడ కదపకుండా మూడో పాట పాడి, మిక్సింగ్ కూడా లావణ్యే చేసింది. ఏ గుండీ ఏం చేస్తుందో నేను చెప్పాను, ఎంత తిప్పాలో మాత్రం ఆమే తేల్చుకుంది. అయ్యాక స్పీకర్‌లో పెట్టింది. నాకు మూత పెట్టినట్టు అనిపించింది. రెండుసార్లు చెయ్యి ట్రెబుల్ వైపు పోయింది, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాను. రాజేశానికి ఇంకెంత మొద్దుగా ఉందో ఊహించుకోండి. మంచిగున్నదా బిడ్డా అని అడిగాడు. మంచిగున్నది బాపు అంది. అయితే పంపు అన్నాడు. నాలుగు రోజులకు ఆరు పాటలూ నీవేనని ఛానల్ వాళ్ల కబురొచ్చింది. అదే నేను దగ్గరుండి చేయించిన చివరి పని.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. సామాను ఎంచేముందు వినబోయేవాడి చెవిని చూడండి, దానికంటే ముందు మీ చెవిని పరీక్ష చేయించుకోండి. నలభై దాటితే ఏడాదికోసారి డాక్టరుకు చూపించుకోండి. సాంచాల కాడ పనిచేసేవాళ్లకు చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇమ్మని యజమానులను అడగండి. రాజేశాన్ని డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. పోయిన వినికిడి తిరిగి రాదు, చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత నయం అన్నాడు డాక్టరు. సాంచాల చప్పుట్లో మిషన్‌తో ఉండలేనని రాజేశం దాన్ని ఇంట్లోనే పెడుతున్నాడు.

మొదటి పాట వీడియో ఈ మధ్యే వచ్చింది. మా దగ్గర పాటల వీడియోల్లో పాడినవాళ్లు కనిపించరు, ఎవరో అమ్మాయి పొలం గట్టు మీద ఆడుతూ పెదాలు కదుపుతుంది. విడుదలైన రోజు మధ్యాహ్నం రాజేశం వీడియో కాల్ చేశాడు. కార్ఖానా బయట నిలబడ్డాడు. కూతురు కాలేజీకి పోయిందని, తాను అడిగినట్టు ఆమెకు చెప్పొద్దని ముందే మాట తీసుకున్నాడు.

"రెండో చరణంల గా ఆడే పిల్ల ఎనుకకు తిరుగుతది సార్. మూతి కనవడ్తలేదు. గాడ నా బిడ్డ ఏమన్నది?"

ఫోన్‌ను మొహానికి దగ్గరగా పట్టుకుని, ఒక్కో మాటా నోరు బాగా తెరిచి, ఆ చరణం మొత్తం చెప్పాను. అవతల రాజేశం నా మూతినే చూస్తూ నాతోపాటు పెదాలు కదిపాడు. ఆగాక, ఇంకోసారి చెప్పమన్నాడు.